మార్చి మంచులో స్కీయింగ్ నేర్చుకోవడం ఎలా? వరంగల్ నుంచి వెళ్లేవారికి

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మన దగ్గర ఒక మాట ఉంది. వరంగల్‌లో అది నిజమే. ఆ వారం నుంచే ఫ్యాన్లు తిరుగుతాయి, మార్చి వచ్చేసరికి కూలర్లలో గడ్డి మార్చే పని మొదలవుతుంది. హిమాలయాల్లో మాత్రం అప్పటికి చలీ పోదు, మంచూ పోదు. మంచు స్వభావం మారుతుంది. జనవరిలో పొద్దున ఎలా ఉందో సాయంత్రమూ దాదాపు అలాగే ఉండే మంచు, ఫిబ్రవరి చివరి నుంచి ఒకే రోజులో మూడు వేషాలు వేస్తుంది. ఉదయం ఏడింటికి కాలు నిలవనివ్వని గట్టి పొర, పదింటికి స్కీలు (బూట్లకు తగిలించుకునే పొడవాటి పలకలు) హాయిగా తిరిగే మెత్తదనం, మధ్యాహ్నం రెండింటికి మోకాళ్లను పట్టేసే చిత్తడి.

అందుకే ఈ కాలంలో స్కీయింగ్‌కు వెళ్లేవారు ఎన్ని అడుగుల మంచు ఉందని అడిగి ఊరుకోకూడదు. ఏ గంటకు ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. ఇదివరకు మంచు మీద కాలు పెట్టని, మొదటిసారి నేర్చుకోబోయే వారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. బాగా వచ్చినవారికి ఇందులో కొత్త విషయాలు తక్కువే.

ఎప్పుడు వెళ్లాలి

ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మధ్య వరకు సరైన కాలం. పగలు కాస్త పెరుగుతుంది, జనవరిలో ఎముకలు కొరికే చలి తగ్గుతుంది, రద్దీ కూడా కొంత పలుచబడుతుంది. మార్చి నెలాఖరుకు ఎత్తైన చోట్ల మంచు మిగిలినా, నేర్చుకునేవారికి కావలసిన కింది వాలుల్లో మట్టి కనిపించడం మొదలవుతుంది. ఇంట్లో ఇంటర్ పరీక్షలు రాసే పిల్లలుంటే ఈ ఏడాదికి వదిలేయండి. పరీక్షలు అయ్యేసరికి ఆ కింది మంచు మన కోసం ఆగదు.

మంచు తేదీలు చూసుకుని పడదు. పశ్చిమ హిమాలయాల్లో చలికాలపు మంచు చాలావరకు మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులనే (వెస్టర్న్ డిస్టర్బెన్సెస్) వాతావరణ వ్యవస్థల వల్లే కురుస్తుంది. అవి బలంగా వచ్చిన ఏడాది మార్చిలోనూ అడుగుల లెక్కన పడుతుంది, రాని ఏడాది జనవరిలోనే కొండలు బోసిగా ఉంటాయి. 2024 జనవరిలో కశ్మీర్‌లోని గుల్మార్గ్ అలాగే ఎండిపోయి కనిపించింది. 2025లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల గుల్మార్గ్ పోటీలను ఫిబ్రవరి 22 నుంచి జరపాలనుకున్నారు. మంచు చాలక వాయిదా వేసి, మార్చి 9 నుంచి 12 వరకు నిర్వహించారు. జాతీయ పోటీలకే తప్పని తిప్పలు మనకు తప్పుతాయా? కాబట్టి రద్దు చేస్తే డబ్బు వెనక్కి వచ్చే గదులే తీసుకోండి. బయలుదేరే ముందు బస చేయబోయే చోటివారిని, నేర్చుకునే వాలును ఆ రోజే ఫోనులో వీడియో తీసి పంపమని అడగండి. ప్రచార చిత్రాలు ఎప్పుడూ మంచి ఏడాదివే ఉంటాయి.

ఎక్కడికి వెళ్లాలి

నా మాట అడిగితే మార్చిలో గుల్మార్గ్. ఊరే దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గండోలా, అంటే తీగల మీద నడిచే క్యాబిన్, మొదటి దశలో కొంగ్‌డూరి వరకు, రెండో దశలో అఫర్వత్ కొండ భుజం మీద 3,900 మీటర్లు దాటిన చోటి వరకు తీసుకెళ్తుంది. కింద మంచు పలుచబడితే పైన చూసుకోవచ్చన్నది ఆ ఊరికి ఉన్న వెసులుబాటు. నేర్చుకునేవారికి పైదాకా వెళ్లే పనే లేదు. వేసవిలో గోల్ఫ్ ఆడే మైదానం అంచుల్లోని చిన్న చిన్న వాలులు చాలు. కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ కూడా ఆ ఊళ్లోనే ఉంది. అక్కడి శిక్షణ తరగతుల్లో చోటు కావాలంటే చలికాలం మొదలవకముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఉత్తరాఖండ్‌లోని ఔలీ రెండో ఎంపిక. మంచు ఉన్నప్పుడు నందాదేవిని చూస్తూ నేర్చుకోవడం వేరే అనుభవం. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అక్కడ ఏడు రోజులు, పద్నాలుగు రోజుల శిక్షణ ఇస్తుంటుంది. కాకపోతే రిషికేశ్ నుంచి ఔలీ కింది పట్టణమైన జోషీమఠ్‌కు రోడ్డు మీద ఒక పగలంతా పడుతుంది. జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు, 2023 జనవరిలో, ఔలీకి వెళ్లే రోప్‌వేను ఆపేశారు. పాత వీడియోలు చూసి దాని మీద ఆశ పెట్టుకోకండి, పైకి కూడా రోడ్డు ప్రయాణమే లెక్క వేసుకోండి.

మనాలీ దగ్గరి సోలంగ్ గురించి ఒక్క మాట. మార్చిలో అక్కడ కొత్త మంచు పడితే తప్ప నేర్చుకోవడానికి వెళ్లకండి. రబ్బరు ట్యూబులు, మంచు స్కూటర్లు, ఫొటోల జనం తొక్కిన బురదలో స్కీయింగ్ రాదు. మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థలో శిక్షణ దొరికితే మాత్రం అది వేరే సంగతి.

కాళ్లు సిద్ధం చేసుకోవాలి

ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. స్కీయింగ్‌లో భారం పడేది తొడల ముందు భాగం మీద. మోకాళ్లు కొద్దిగా వంచి, ఆ వంపులోనే నిమిషాల తరబడి నిలబడాలి. గోడకు వీపు ఆనించి, కింద కుర్చీ ఉన్నట్టు కూర్చోండి. మొదటి రోజు అర నిమిషానికే తొడలు వణుకుతాయి. దాన్ని రెండు నిమిషాలకు తీసుకువెళ్లండి.

హనుమకొండలో ఉండేవారికి పద్మాక్షి గుట్ట మెట్లున్నాయి. అందరూ ఎక్కడమే వ్యాయామం అనుకుంటారు. మనకు కావలసింది దిగడం. ఒక్కో మెట్టు మీద మోకాలు వంచి, ఒక క్షణం ఆగి, నెమ్మదిగా దిగండి. గుట్టెక్కినప్పుడు రాని నొప్పి మర్నాడు తొడల్లో వస్తుంది. కండకు పని దొరికిందనడానికి అదే గుర్తు. పిల్లలతో పాటు రోలర్ స్కేటింగ్ నేర్చుకున్నా మేలే, బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చడం అలవాటవుతుంది.

మనది వేడి ప్రాంతం, మంచులో తట్టుకోగలమా అనే బెంగ వద్దు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ భువనగిరి బండల మీద తొలి పాఠాలు నేర్చుకుని, పదమూడేళ్ల వయసులో 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. మనం వెళ్లేది గోల్ఫ్ మైదానం పక్కకే.

బట్టలు

నూలు బనియన్ ఇంట్లో పెట్టి వెళ్లండి. చెమటకు తడిస్తే అది ఆరదు, వాలు పైకి చేర్చే లిఫ్టు దగ్గర వరుసలో ఆగినప్పుడు వీపు మీద చన్నీళ్లు పోసినట్టవుతుంది. ఒంటికి ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్, దాని మీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటర్, పైన నీరు చొరని జాకెట్, ప్యాంటు ఉండాలి. స్వెటర్లు మన ఊళ్లో చలికాలపు దుకాణాలు పెట్టినప్పుడే కొనుక్కోండి. ఫిబ్రవరికి అవి ఎత్తేస్తారు. పై జాకెట్, ప్యాంటు అక్కడే అద్దెకు దొరుకుతాయి, కొనాల్సిన పని లేదు. చేతి తొడుగులు మాత్రం రెండు జతలు తీసుకెళ్లండి. మార్చి మంచు తడి మంచు, నేర్చుకునేవారు పడుతూ లేస్తూ ఉంటారు, మధ్యాహ్నానికి మొదటి జత పిండితే నీళ్లొస్తాయి.

మేజోళ్ల విషయంలో చాలామంది చేసే పొరపాటు రెండేసి జతలు వేసుకోవడం. స్కీ బూటులో ఒకే జత, పలుచనిది, మోకాలి కిందిదాకా వచ్చేది సరిపోతుంది. రెండు జతలు వేస్తే మడతపడి పిక్కను కోస్తాయి, రక్త ప్రసరణ తగ్గి కాళ్లు ఇంకా చల్లబడతాయి.

చాక్లెట్లు చలికి రాయిలా గట్టిపడతాయి. సకినాలకు ఆ బాధ లేదు, జేబులో పెట్టుకోండి.

ప్రయాణం

వరంగల్ లేదా కాజీపేటలో ఢిల్లీ రైలెక్కితే దాదాపు ఒక రోజు ప్రయాణం. గుల్మార్గ్‌కు ఢిల్లీ నుంచి శ్రీనగర్ విమానం సులువు. రైలే కావాలనుకుంటే 2025 జూన్ నుంచి కట్రా, శ్రీనగర్ మధ్య వందే భారత్ నడుస్తోంది. కట్రా దాకా మామూలు రైల్లో వెళ్లి మారవచ్చు. శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ యాభై కిలోమీటర్లు. తంగ్‌మార్గ్ దాటాక ఎక్కుడు రోడ్డు. కొత్త మంచు పడిన రోజు అక్కడ చక్రాలకు గొలుసులు కట్టిన బండి ఎక్కాల్సి రావచ్చు, దానికి విడిగా డబ్బు, గంట సమయం పక్కన పెట్టుకోండి.

ప్రీపెయిడ్ సిమ్ ఉన్నవారికి హెచ్చరిక. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ నంబర్లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు. బృందంలో ఇద్దరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. బయలుదేరే ముందు ప్రభుత్వ ప్రయాణ సూచనలు చూసుకోవడం కూడా మరవకండి.

చేరిన రోజు స్కీలు ముట్టుకోవద్దు. వరంగల్ సముద్ర మట్టానికి 270 మీటర్ల లోపే ఉంది. ఒక్కసారిగా రెండున్నర వేల మీటర్లు దాటితే తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మామూలే. నీళ్లు ఎక్కువ తాగండి, ఊళ్లో నడవండి. మొదటి రోజే గండోలా రెండో దశ ఎక్కి ఫొటోలు దిగాలన్న తొందర వద్దు. తలనొప్పి తగ్గకపోగా వాంతులు, తూలుడు మొదలైతే ఇంకో మాట లేకుండా కిందికి దిగిపోవాలి.

బూట్లు, స్కీలు ఎంచుకోవడం

అద్దె దుకాణంలో గంట గడపండి. శిక్షకుడు ఎంత మంచివాడైనా, బూటు సరిపోకపోతే చదువు సాగదు. బూటులో నిటారుగా నిలబడితే వేళ్ల కొనలు ముందు గోడను తాకీ తాకనట్టు ఉండాలి. మోకాళ్లు ముందుకు వంచితే వేళ్లు వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. పిక్క ముందు భాగం బూటు నాలుకకు సమంగా ఆనాలి. నడవడానికి సుఖంగా ఉందంటే ఆ బూటు పెద్దదైనట్టే.

స్కీ నిలబెడితే గడ్డం వరకు వస్తే నేర్చుకునేవారికి చాలు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవును బట్టి బిగించాలి. పడినప్పుడు అది ఊడిపోవాలి. ఊడకపోతే మెలితిరిగేది మోకాలే. మీ బరువు అడగకుండానే స్కీలు చేతిలో పెట్టే దుకాణం నుంచి బయటికి వచ్చేయండి. తీసుకున్న వాటిపై గీతలు, పగుళ్లు ఉంటే అప్పుడే ఫొటో తీసుకోండి, తిరిగి ఇచ్చేటప్పుడు మాట పడాల్సిన అవసరం ఉండదు.

పొద్దున్నే మంచును చదవడం

అసలు పని ఇక్కడుంది.

రాత్రి పడుకునే ముందు బయటికి వచ్చి ఆకాశం చూడండి. నక్షత్రాలు స్పష్టంగా ఉన్నాయా? అయితే మంచు తనలోని వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైనున్నా మంచు పైపొర గడ్డకడుతుంది. డిసెంబరులో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రే సిర్పూర్ వైపు చలి చంపేయడానికి కారణం కూడా ఇదే. మబ్బు పట్టిన రాత్రి ఆ వేడి తిరిగి కిందికే వస్తుంది, మంచు గడ్డకట్టదు. అలాంటి పొద్దున అడుగు వేస్తే మోకాలిదాకా దిగబడుతుంది. ఆ రోజు ఎత్తైన వాలుల జోలికి అసలు పోకూడదు.

ఉష్ణోగ్రత లెక్క కూడా వేసుకోవచ్చు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ మధ్యాహ్నం 15 డిగ్రీలుంటే గుల్మార్గ్‌లో ఎనిమిదికి అటూ ఇటూ, గండోలా చివర సున్నా దగ్గర ఉంటుంది. అంటే కింద చిత్తడి, పైన ఇంకా గట్టి. గాలి, మబ్బు ఈ లెక్కను మార్చేస్తాయి గానీ, ఏ ఎత్తులో ఏముంటుందో గది కిటికీ దగ్గరే ఒక అంచనాకు రావచ్చు.

ఇక వాలు దగ్గరికి వెళ్లండి. బూటు మడమతో గట్టిగా తన్నండి. టక్కున శబ్దం వచ్చి గీత మాత్రమే పడితే ఇంకా సమయం కాలేదు, టీ తాగి రండి. ఆ పొర మీద కొత్తవారి స్కీ అంచులు పట్టవు, పడితే తుంటికి దెబ్బ తగులుతుంది. అరగంట తర్వాత మళ్లీ తన్నండి. మడమ ఒకటి రెండు అంగుళాలు దిగి, కింద గట్టిగా తగిలితే వేళ అయినట్టే. గుప్పెడు తీసి చూడండి. పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ మళ్లీ అలా జరిగిన మంచులో కణాలు గుండ్రబడతాయి. ఎండకు వాటి మధ్య పట్టు సడలి, బొంబాయి రవ్వలా అరచేతిలో విడివిడిగా దొర్లుతాయి. వసంతకాలపు స్కీయింగ్‌కు ఇంతకు మించిన మంచు లేదు. స్కీ దాని మీద శబ్దం లేకుండా తిరుగుతుంది, పడినా దెబ్బ తగలదు.

ఆ రవ్వ మంచు ఎక్కువసేపు ఉండదు. గుప్పెడు పిండితే నీళ్లు కారడం మొదలైతే ఇక చాలించే వేళ దగ్గరపడింది. ఎండ ఏ వైపు వాలు మీద ముందు పడుతుందో గమనిస్తే ఈ మంచి సమయాన్ని పొడిగించుకోవచ్చు. తూర్పు ముఖంగా ఉన్న వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, ఆ తర్వాత పడమర. ఉత్తరం వైపు వాలు చాలాకాలం చలికాలంలోనే ఉంటుంది. శిక్షకుణ్ని అడిగి పొద్దున ఒక వాలు, పదకొండింటికి ఇంకో వాలుకు మారండి.

మామూలుగా తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి ఒంటిగంటకు ఆపేయడం మంచి పద్ధతి. డబ్బు రోజంతటికీ కట్టాం కదా అని నాలుగింటిదాకా లాగేవారే ఎక్కువగా మోకాళ్లు పోగొట్టుకుంటారు. తడి మంచు స్కీని పట్టేస్తుంది, ఒళ్లు మాత్రం ముందుకు పోతుంది.

మొదటి పాఠం

మొదట ఒకే స్కీ వేసుకుని చదును మీద జరగండి. తర్వాత రెండూ వేసుకుని, వాలుకు అడ్డంగా నిలబడి, పై అంచులు మంచులో గుచ్చుతూ పక్క అడుగులతో పైకి ఎక్కండి. కిందికి జారడానికి స్నో ప్లౌ నేర్పుతారు. స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనుక చివరలు దూరంగా పెట్టి, మడమలను బయటికి నెడితే వేగం తగ్గుతుంది. పిక్కలు బూటు నాలుకను నొక్కుతూ ఉండాలి. భయం వేసినప్పుడు ఒళ్లు వెనక్కి వాలుతుంది, వాలితే స్కీలు మీ మాట వినవు. ఎడమకు తిరగాలంటే కుడి కాలి మీద, కుడికి తిరగాలంటే ఎడమ కాలి మీద బరువు వేయండి. పడక తప్పదనిపిస్తే పక్కకు కూర్చున్నట్టు పడండి, చేతులు వెనక్కి చాచకండి.

మిగతాదంతా శిక్షకుడి దగ్గర మీ కాళ్లే నేర్చుకుంటాయి. చదివితే రాదు.

మంచు చరియల సంగతి

నేర్చుకునేవారి వాలులు తక్కువ ఏటవాలుగా ఉంటాయి కాబట్టి చరియలు అక్కడ పుట్టవు. అవి ఎక్కువగా పుట్టేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. ప్రమాదమల్లా నాలుగు రోజులు నేర్చుకున్నాక వచ్చే ధైర్యంతో. గండోలా ఎక్కి, తాళ్లు కట్టిన దారి వదిలి, ఎవరూ తొక్కని తెల్లటి వాలు మీద దిగాలనిపిస్తుంది. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద చరియలు విరిగిపడి పోలండ్‌కు చెందిన ఇద్దరు స్కీయర్లు మరణించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లోనే ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గరి మాణా వద్ద సరిహద్దు రోడ్ల సంస్థ శిబిరం మీద చరియలు పడి ఎనిమిది మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అన్నీ ఫిబ్రవరిలోనే, మనం బయలుదేరే కాలంలోనే.

భారీగా మంచు కురిశాక మొదటి ఒకటి రెండు రోజులు అత్యంత ప్రమాదకరం. చిత్రమేమిటంటే, అలజడి దాటిపోగానే ఆకాశం నీలంగా మెరిసి, ఎండ కాసి, ఫొటోలకు అంతకన్నా మంచి రోజు ఉండదు. అందరూ పైకి పరుగెత్తేదీ ఆ రోజే. మీరు ఆ రోజు కింది వాలులోనే ఉండండి.

వసంతంలో రెండో రకం ప్రమాదం మధ్యాహ్నపు ఎండతో వస్తుంది. నీరు మంచు పొరల మధ్యకు ఇంకి పట్టు తప్పిస్తుంది. వాలు మీద చిన్న చిన్న మంచు ఉండలు వాటంతట అవే దొర్లుతూ కనిపిస్తే కొండ హెచ్చరిస్తోందన్న మాట. కాలి కింద మంచు బుస్సుమని కుంగినా, స్కీ కొనల నుంచి పగుళ్లు పాకినా వెంటనే ఆ వాలు వదిలేయండి. మంచు మీద వాన పడితే ఆ రోజుకు ఏ వాలూ వద్దు.

రక్షణ శాఖకు చెందిన డీజీఆర్ఈ (డిఫెన్స్ జియోఇన్ఫర్మాటిక్స్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్) అనే పరిశోధన సంస్థ చలికాలమంతా చరియల హెచ్చరికలు ఇస్తుంది. పొద్దున టీతో పాటు అవి చూడటం అలవాటు చేసుకోండి. మీరు బస చేసిన చోట వాటి గురించి తెలియదన్నారంటే అక్కడి మార్గదర్శితో పైకి వెళ్లకండి.

కళ్లు, చర్మం, బీమా

వరంగల్ ఎండకు అలవాటుపడ్డ మనకు పది డిగ్రీల ఎండ ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం వరకు తిప్పికొడుతుంది. ఎండ పైనుంచీ కిందనుంచీ కాస్తుంది. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు అడుగున, చెవుల వెనక కూడా రాయండి. నల్ల కళ్లద్దాలు లేకుండా ఒక్క పూట గడిపినా, ఆ రాత్రి కళ్లలో ఇసుక పడ్డట్టు మంట, నీళ్లు కారడం మొదలవుతాయి. మబ్బు రోజు కూడా అద్దాలు తీయవద్దు. ఫోను లోపలి జేబులో ఉంచండి, చలికి బ్యాటరీ ఇట్టే పడిపోతుంది.

ప్రయాణ బీమా పత్రంలో సాహస క్రీడల పేరా వెతికి చదవండి. చాలా పాలసీల్లో స్కీయింగ్‌ను మినహాయిస్తారు. విడిగా చేర్పించుకోవాలి.

పడినప్పుడు మోకాలిలో టప్‌మని శబ్దం వచ్చి, కొన్ని గంటల్లో వాచిందంటే అది బెణుకు కాకపోవచ్చు, లోపలి లిగమెంటు తెగి ఉండవచ్చు. మర్నాడు తగ్గినట్టనిపించినా మళ్లీ స్కీ ఎక్కకండి. మంచు గడ్డ గుడ్డలో చుట్టి పెట్టి, కట్టు కట్టి, కాలు ఎత్తులో ఉంచండి. తిరుగు రైల్లో కింది బెర్తు కోసం టికెట్ తనిఖీ అధికారిని అడగండి. ఇంటికి చేరిన వారంలోపే ఎముకల డాక్టరుకు చూపించండి.